కషాయం కొట్టే ముందు ఆకాశం చూడండి

కొందరికి నచ్చకపోవచ్చు గానీ, ఈసారి మన తప్పు గురించే చెప్తా.

మనం రసాయన మందులు మానేశాం. తేదీ చూసి కొట్టే అలవాటు మాత్రం మానలేదు. పదిహేను రోజులకోసారి నీమాస్త్రం, ఆ తర్వాత అగ్నిఅస్త్రం. వాన పడిందా, ఎండ కాసిందా అన్న లెక్కే లేదు. వ్యవసాయ డిప్లొమా చదివిన నేనూ మొదట్లో అలాగే చేశాను.

రెండేళ్ల కిందట హస్త కార్తెలో వారం రోజులు ముసురు పట్టింది. తర్వాత మబ్బు, గాలి ఆడని ఉక్కపోత. తేదీ ప్రకారం కషాయం కొట్టేశాం కదా అని ధీమాగా ఉన్నా. పది రోజులకి వరి మధ్యలో సుడులు సుడులుగా ఎండిపోయింది. వంచి చూస్తే దుబ్బు మొదట్లో కుప్పలుగా సుడిదోమ. కషాయం పడింది ఆకుల మీద, పురుగు ఉంది మొదట్లో! అరెకరం పోయింది.

పురుగుకి మనలాగా సొంత ఒంటివేడి ఉండదు. బయటి వాతావరణాన్ని బట్టే దాని ఎదుగుదల. 25-30 డిగ్రీల వేడి, గాలిలో తేమ, గుబురు చేను, నిలిచిన నీళ్లు కలిస్తే సుడిదోమకి పండగే. అదే మిరపలో తామర పురుగులైతే పొడి వాతావరణంలో పెరుగుతాయి, గట్టి వాన పడితే చాలావరకు కొట్టుకుపోతాయి. ఒక్కో పురుగుది ఒక్కో కాలం. అన్నిటికీ ఒకే తేదీ ఎలా కుదురుతుంది?

ఇంకో మాట. సహజమైనదే కదా అని ఘాటు కషాయం ఊరికే కొట్టకూడదు. సుడిదోమని తినే సాలీళ్లకీ, దాని గుడ్లని తినే మిరిడ్ నల్లులకీ అది తగలొచ్చు. కాపలా వాళ్లని మనమే తరిమేసుకున్నట్టు అవుతుంది.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదులుతా. ముసురు పట్టిందంటే మూడు రోజులకోసారి మడిలోకి దిగి దుబ్బులు తట్టి చూస్తా. దోమ కనబడితే ముందు నీళ్లు తీసి మడిని ఆరబెడతా. పిలకల దశలో దుబ్బుకి 10-15, ఈనిక దశలో 20-25 దాటితేనే పిచికారీ, అదీ మొదళ్లు తడిసేలా. బవేరియా వాడితే సాయంత్రమే. అది బూజు కాబట్టి దానికీ తేమ కావాలి.

పోయిన ఖరీఫ్‌లో ఒక్కసారే పిచికారీ చేశాను. కూలి ఖర్చూ మిగిలింది, పంటా నిలిచింది. దుబ్బు తట్టి లెక్క చూసే పద్ధతి వీడియోలో చూపించా. చూసి, రేపు పొద్దున్నే మీ మడిలోకి దిగండి.