బోరు నీటికి బడిలోనే రంగు పరీక్ష

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో బోరు నీళ్లంటే ఫ్లోరైడ్ భయం. జిర్కోనియం–అలిజరిన్ రసాయనం కలిపితే, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు రంగు పసుపు వైపు మారుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందా అన్నది కంటితో తేల్చడం కష్టం.

ఇక్కడే ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు అక్కరకొస్తుంది.

పరీక్షనాళికకు ఒకవైపు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలను వంతులవారీగా వెలిగించి, అవతల వెలుతురును పసిగట్టే ఎల్‌డీఆర్ పెడితే ఆర్డుయినో ఊనో బోర్డు ఆ వెలుతురును 0–1023 మధ్య అంకెగా చూపుతుంది. మోతాదు తెలిసిన ద్రావణాల అంకెలతో దాన్ని పోల్చుకోవాలి.

బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఉన్నది 6–12 తరగతుల పిల్లలకోసమే. ట్రాఫిక్ లైటు నమూనాలతో ఆపకుండా, వారిచేత ఊరి బోర్లను పరీక్షింపజేయాలి. ఈ రంగు పరీక్ష ప్రయోగశాల నివేదికకు బదులు కాదు. ఏ బోరు నీటిని ముందుగా ప్రయోగశాలకు పంపాలో చెబుతుంది.