రాయితీల పోటీ – రైతు చూడవలసిన లెక్క

అనకాపల్లి బెల్లము మార్కెట్టు మీ అందరికీ తెలిసినదే. ఒకే రకపు బెల్లము తెచ్చిన ఇద్దరు రైతులు వ్యాపారి ఎదుట ఒకరికంటె ఒకరు ధర తగ్గించుచు పోయినచో లాభపడువాడెవడు? వ్యాపారియే. పరిశ్రమలను రప్పించుటలో రాష్ట్ర ప్రభుత్వములు నేడు ఇటువంటి పోటీకే దిగినవి. ఇది పట్టణపు సంగతి, మనకేల అని మీరు ఊరకుండరాదు.

ఈ పోటీ క్రొత్తది కాదు. 1990 తరువాతి సంవత్సరములలో రాష్ట్రములు అమ్మకపు పన్ను తగ్గించియు, మాఫీ చేసియు ఫ్యాక్టరీలను పిలుచుకొన్నవి. అందరూ తగ్గించుటచే ఎవరికీ ప్రత్యేక లాభము మిగులలేదు. ఖజానాలు మాత్రము తరిగినవి. చివరకు అందరూ కూర్చుండి, 2000 జనవరి 1 నుండి కనీసపు రేట్లు పాటించుటకు, మాఫీలు మానుటకు ఒప్పుకొన్నారు. 2005లో మన రాష్ట్రమున వ్యాట్, 2017 జూలై 1న దేశమంతట జీఎస్టీ వచ్చినవి.

రేటు ఒక్కటైనను పోటీ ఆగలేదు, రూపు మారినది. జీఎస్టీలో రాష్ట్రపు వాటాను కంపెనీకి తిరిగి ఇచ్చుట, కరెంటు చార్జీ తగ్గించుట, చౌకగా భూమి ఇచ్చుట నేటి పద్ధతులు. 2025 ఏప్రిల్‌లో విశాఖపట్నములో టీసీఎస్ సంస్థకు 21.16 ఎకరములు 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చుటకు మంత్రివర్గము ఆమోదించినది. అదే ఏడు అక్టోబరులో గూగుల్ సంస్థ ఇచట అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టుదుమని ప్రకటించగా, ఇచ్చిన రాయితీలను కర్ణాటక మంత్రి ఒకరు ఆక్షేపించిరి.

పరిశ్రమలు వద్దని నేననుట లేదు. మన కమతములు చిన్నవి. పిల్లలకు వేరు జీవనోపాధి కావలెను. కాని విశాఖకు స్వంత బలమున్నది. కొండ చాటున 1933లో తెరచిన రేవును చూచియే ఓడల కర్మాగారము, చమురుశుద్ధి కర్మాగారము వచ్చినవి. ఉక్కు ఫ్యాక్టరీకి ప్రజల ఉద్యమము, రైతులు విడిచిన వేల ఎకరములు తోడైనవి. మంచి సరుకు గలవాడు అయినకాడికి అమ్ముకొననక్కరలేదు.

వదలుకొన్న పన్నును మరెవరో పూడ్చవలెను. ఫ్యాక్టరీ సరిహద్దు దాటగలదు, పొలము దాటలేదు. డీజిలు సంగతి చూడుడు. అది జీఎస్టీలో చేరనందున రాష్ట్రమునకొక వ్యాట్ ఉన్నది. లారీవాడు ఇచ్ఛాపురము దాటి ఒడిశాలోనో, కాకినాడ దాపున యానాములోనో చౌకగా నింపుకొనును. ట్రాక్టరు రైతు ఊరి దగ్గర బంకులోనే నింపుకొనవలెను. ప్రభుత్వములు ఒక్క మాటపై నిలిచినపుడు ఫలితము వేరు: 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టరుపై జీఎస్టీ నూటికి 12 నుండి 5కు తగ్గి, అన్ని రాష్ట్రముల రైతులకు సమానముగా మేలు కలిగినది.

కావున రాయితీలకు కూడ అందరికీ వర్తించు హద్దు ఉండవలెను. ఒక్క రాష్ట్రము తానై మానినచో పరిశ్రమ ప్రక్కకు పోవునను భయము సహజము. అందుకే అందరూ ఒకేసారి మానవలెను. కూర్చుండి మాటలాడుటకు జీఎస్టీ మండలి ఉన్నది. పెద్ద కంపెనీల లాభముపై నూటికి 15 కనీసపు పన్ను ఉండవలెనని 2021లో 130కి పైగా దేశములు ఒప్పుకొన్నవి. అమలు అంతటా ఒకే తీరున లేకున్నను, ఒప్పందమునకు దారి ఉన్నదని తేలినది. అంతవరకు ప్రతి రాయితీని రూపాయలలో లెక్కగట్టి ప్రకటించవలెను. చెప్పినన్ని ఉద్యోగములు రానిచో రాయితీ తిరిగి రాబట్టవలెను.

మీ ప్రాంతమునకు పరిశ్రమ వచ్చినపుడు గ్రామసభలో మూడు ప్రశ్నలు వేయుడు: రాయితీ ఎంత? పని ఎందరికి? పంచాయతీకి వచ్చు పన్ను ఎంత? గ్రామాధికారులు ఆ జవాబులు సేకరించి అందరికీ తెలియజేయవలెను. ఎరువు వేసిన రైతు దిగుబడి చూచుకొనును గదా! రాయితీ కూడ ప్రజల సొమ్ముతో వేసిన ఎరువే. దాని దిగుబడి ఎంతయని అడుగుట మీ బాధ్యత.