కంప్యూటర్‌కీ దొడ్డి గుమ్మాలుంటాయి

కంప్యూటర్ భద్రత అంటే చదువుకున్న పిల్లలు చూసుకునే పని అని మన ఇళ్ళల్లో ఒక లెక్క. లేదంటే ఏలూరు తీసుకెళ్ళి షాపులో ఇస్తే వాళ్ళే చూసుకుంటారని ఇంకో లెక్క. నేను రెండూ ఒప్పుకోనండి. రాత్రి పడుకోబోయే ముందు గ్యాస్ కట్టేశామా, దొడ్డి గుమ్మం గడియ పెట్టామా అని చూసేది ఇంట్లో ఎవరు? ఆ చూసే మనిషే కంప్యూటర్ గడియలు కూడా చూడాలి. దానికి ఇంజనీరింగు చదువు అక్కర్లేదు. బీఏ తెలుగులో పద్యాలకి గణవిభజన చేసినదాన్ని, సెట్టింగుల్లో నాలుగు మీటలు అటూ ఇటూ జరపలేనా?

"మన కంప్యూటర్లో దొంగలు పడేంత ఏముంది?" అంటారు మా వారు. చాలా ఇళ్ళల్లో ఇదే మాట వినిపిస్తుంది. ఓసారి తీరిగ్గా కూర్చుని లెక్క చూడండి. మా ఇంట్లో అయితే పొలం పాస్‌బుక్ స్కాన్ కాపీలు, చేపల చెరువు లీజు కాగితాలు, మేత బాకీల లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు, అందరి ఆధార్ కార్డులు, పోయిన మా అత్తగారి ఫోటోలు ఉన్నాయి. వీటిని బయట అమ్మితే దొంగకి పెద్దగా ఏమీ రాకపోవచ్చు. అందుకే వాడు బయట అమ్మడు, మనకే అమ్ముతాడు. సామాను ఎత్తుకుపోకుండా, ఉన్నచోటే దానికి తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమంటాడు. దీన్నే రాన్సమ్‌వేర్ అంటున్నారు. మా అత్తగారి ఫోటోకి బజార్లో వెల లేదు. మాకు మాత్రం వెల కట్టలేం. ఆ సంగతి దొంగకి బాగా తెలుసు.

ఇది ఎక్కడో అమెరికాలో జరిగే సంగతి అనుకోకండి. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ బయల్దేరి, కొద్ది రోజుల్లోనే 150 దేశాల్లో రెండు లక్షలకి పైగా కంప్యూటర్లకి తాళం వేసేసింది. బ్రిటన్లో ఆసుపత్రులే ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో ఎవరి కంప్యూటర్లు దొరికాయో గుర్తుందా? పోలీసులవి! చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లు దీని బారిన పడ్డాయని అప్పట్లో అన్ని పేపర్లూ రాశాయి. 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమని, మూడు రోజులు దాటితే రెట్టింపు అని తెర మీద నోటీసు వచ్చేది.

ఈ కథలో మనం పట్టుకోవాల్సిన ముక్క వేరే ఉంది. ఆ పురుగు దూరిన కంతని మూసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే ఇచ్చింది. పైసా ఖర్చు లేదు. వేసుకున్నవాళ్ళకి ఆ కంత మూసుకుపోయింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కంత ఎక్కడుందంటే, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైళ్ళు పంచుకునే ఏనాటిదో పాత పద్ధతిలో. ఇళ్ళల్లో దాన్ని వాడేవాళ్ళు దాదాపు లేరు. వాడకపోయినా తలుపు మాత్రం తీసే ఉంది. పాతికేళ్ళుగా ఎవరూ నడవని దొడ్డి గుమ్మం గడియ లేకుండా వదిలేస్తే ఏమవుతుందో అదే అయింది.

అందుకే నా అభిప్రాయం ఇది: భద్రత అంటే కొత్తది కొనడం కాదు, అక్కర్లేనిది మూయడం. మన కొల్లేరు పక్కన చెరువులు చేసేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. చెరువులోకి నీళ్ళు పెట్టేటప్పుడు తూముకి సన్నకన్ను వల కడతారు. కట్టకపోతే నీళ్ళతోపాటు కొరమేను పిల్ల దూరి, మనం వదిలిన సీడ్‌ని తినేస్తుంది. దూరాక వేటాడ్డం కంటే వల కట్టడం చౌక. ఇంట్లో మాత్రం మనం వేలకి వేలు పోసి యాంటీవైరస్ కొంటాం, వల కట్టడం మర్చిపోతాం. విండోస్‌తోపాటే డిఫెండర్ అనే కాపలా ఉచితంగా వస్తుంది. మామూలు ఇంటికి అది చాలని నా ఉద్దేశం.

మరి ఏయే తలుపులు? మొదటిది అప్‌డేట్. "తర్వాత చూద్దాం" అనే బటన్ నొక్కడం మానేయాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. ఇంకా అదే వాడుతుంటే, మీ కంప్యూటర్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో ముందు కనుక్కోండి.

రెండోది అకౌంటు. షాపులో విండోస్ వేసే అబ్బాయిలు మనింట్లో అందరినీ ఒకే అడ్మిన్ అకౌంటులో కూర్చోబెట్టి వెళ్ళిపోతారు. బీరువా తాళాలు ఇంటిల్లిపాది మొలకీ కట్టినట్టన్నమాట. అడ్మిన్ అకౌంటు వేరుగా పెట్టి, రోజూ వాడుకోడానికి అందరికీ స్టాండర్డ్ అకౌంట్లు చెయ్యండి. అప్పుడు ఏ ప్రోగ్రామైనా కంప్యూటర్ మొత్తం మీద చెయ్యి వెయ్యాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ అడిగిన క్షణమే మనం ఆలోచించుకునే క్షణం.

మూడోది ఫైలు ఇంటిపేరు. 2000 సంవత్సరం మే నెలలో ప్రేమలేఖ పేరుతో ఒక మెయిల్ లక్షల కంప్యూటర్లని ముంచింది. చూడ్డానికి మామూలు ఉత్తరంలా ఉండేది, చివర దాక్కున్న మూడక్షరాల్లో ఉంది అసలు సంగతి. విండోస్ ఆ చివరి అక్షరాల్ని చూపించేది కాదు. ఇప్పటికీ తనంతట తాను చూపించదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అని ఉంటుంది, టిక్ పెట్టండి. ఫోన్లకీ ఇదే సూత్రం. వాట్సాప్‌లో వచ్చిన పెళ్ళి శుభలేఖ చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు.

నాలుగోది పెన్ డ్రైవ్. నెట్ సెంటర్లో హాల్‌టికెట్ ప్రింటు తీయించుకొచ్చిన పెన్ డ్రైవ్ ఎన్ని కంప్యూటర్లు తిరిగొచ్చిందో ఎవరికి తెలుసు? సెట్టింగుల్లో ఆటోప్లే ఆపేసి, లోపలున్నవి తెరిచేముందు డిఫెండర్‌తో స్కాన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రం మొదలుపెట్టినప్పుడు విడుదల చేసిన ఉచిత సాధనాల్లో ఒకదాని పేరే యూఎస్‌బీ ప్రతిరోధ్. పెన్ డ్రైవ్‌ల బెడద ఎంతటిదో ఆ పేరే చెబుతోంది.

ఇవన్నీ ఒక్కొక్కటే వెతుక్కోలేని వాళ్ళకి హార్డెన్‌టూల్స్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. సెక్యూరిటీ వితౌట్ బోర్డర్స్ అనే స్వచ్ఛంద బృందం చేసింది. ఇది వైరస్‌ని వెతకదు. మామూలు ఇళ్ళల్లో వాడని, దొంగలు మాత్రం ఇష్టంగా వాడే విండోస్ సౌకర్యాల్ని ఆపేస్తుంది. ఆటోరన్, స్క్రిప్టులు, వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళల్లో దాక్కునే మాక్రోల్లాంటివన్నమాట. మళ్ళీ నడిపితే పాత పద్ధతికి తెచ్చేస్తుంది. ఆఫీసు వాళ్ళిచ్చిన లాప్‌టాప్‌లో మాత్రం వేయకండి, వాళ్ళకి ఆ సౌకర్యాలతో పనుండొచ్చు. ఇంట్లో ఎవరైనా మాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్ళు వాడుతుంటే వాళ్ళని అడిగి చెయ్యండి.

ఇన్ని గడియలు పెడితే ఇంట్లో వాళ్ళు విసుక్కుంటారు. మా ఇంట్లోనూ విసుక్కుంటారు, "నువ్వు జైలు వార్డెన్‌వి" అని మా అబ్బాయి బిరుదు కూడా ఇచ్చాడు. పర్లేదు. గేటు తాళానికీ ఒకప్పుడు ఇలాగే విసుక్కున్నారు.

ఇవన్నీ చేస్తే ఇక భయం లేదా అంటే, ఉంది. ఫోన్లో పోలీసునని బెదిరించేవాడికి మనమే ఓటీపీ చెప్తే ఏ సెట్టింగూ అడ్డుపడదు. లోపలి మనిషే తలుపు తీస్తే గడియ ఏం చేస్తుంది? డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలని ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా కంఠతా రావాలి. అన్ని గడియలూ దాటి ఎవడైనా దూరితే చివరికి మనల్ని కాపాడేది రెండో కాపీ ఒక్కటే. ఒక హార్డ్ డిస్క్ కొని, నెలకోసారి ముఖ్యమైనవన్నీ అందులోకి ఎక్కించి, తీగ పీకేసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది.

చివరిగా ఒక్క మాట. ఆ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలి? ఇల్లాలి దగ్గరే అంటాను. పిల్లలు చదువులకి వెళ్ళిపోతారు, మగవాళ్ళు చెరువు గట్ల మీద ఉంటారు, షాపు అబ్బాయి రేపు ఇంకో ఊరు పోతాడు. కంప్యూటరూ మనమూ ఇంట్లోనే ఉంటాం. పాస్‌వర్డ్ ఒక పుస్తకంలో రాసి, పట్టుచీరల కింద దాచినా తప్పు లేదండి. ఇంటర్నెట్ దొంగ అక్కడిదాకా రాలేడు.