ముందు టైరు... ఆ తర్వాతే డిస్కు!

రాయచోటి నుంచి కడపకు కారులో వెళ్లేవాళ్లు గువ్వలచెరువులో ఆగడం మామూలే. పాలకోవా కట్టించుకుని, ఓ టీ తాగి మళ్లీ బండెక్కుతారు. అసలు పరీక్ష అక్కణ్నుంచే. ముందు లారీ, వెనక బస్సు, మలుపుల మీద మలుపులతో ఘాట్ దిగుడు. కుడికాలు బ్రేకు మీదే ఉంటుంది. సగం దిగేసరికి పెడల్ మెత్తబడినట్టూ, ఇందాకటికంటే లోపలికి పోతున్నట్టూ అనిపించిందా... ఇక కోవా రుచి గుర్తుండదు!

అలాంటి అనుభవం ఒక్కటి చాలు, 'ఈ బండికి మంచి బ్రేకులు వేయించాలి' అనుకోవడానికి. రాయచోటి వైపు చాలా ఇళ్లలో ఎవరో ఒకరు కువైట్‌లో ఉంటారు. సెలవు మీద వచ్చిన కొడుకు, అమ్మానాన్నలు వాడుతున్న పదేళ్లనాటి కారు బ్రేకుల కోసం ముప్ఫై వేలు తీశాడనుకోండి. ఇంటర్నెట్‌లో వెతికితే అతనికి కనిపించేవి రంధ్రాల డిస్కులు, ఎర్రరంగు కాలిపర్లు. చూడ్డానికి బాగుంటాయి. కానీ నాన్న కడప ఆసుపత్రికి వెళ్లొచ్చే కారుకు మొదట కావాల్సినవి అవి కావు.

బ్రేకు ఆపేది చక్రాన్ని. కారును ఆపేది టైరు. రోడ్డు మీద పట్టు లేకపోతే ఎంత పెద్ద డిస్కు పెట్టినా చక్రం బిగుసుకుపోయి బండి జారుతుంది. ఏబీఎస్ ఉంటే చక్రం బిగుసుకోకుండా చూస్తుందే తప్ప, లేని పట్టును తెచ్చిపెట్టదు. పైగా మన దేశంలో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. అంతకుముందు కొన్న బండ్లు చాలావాటికి ఆ సదుపాయమే లేదు.

అందుకే తొలి ఖర్చు టైర్లకి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే నిబంధనల ప్రకారం ఆ టైరు పనికిరాదు. వానరోడ్డు మీద 3 మిల్లీమీటర్ల దగ్గర్నుంచే తేడా తెలుస్తుంది. సీమలో ఇంకో చిక్కుంది. కారు తిరిగేది తక్కువ, ఎండలో నిలబడేది ఎక్కువ. గాడి లోతుగానే కనిపిస్తుంది, రబ్బరు మాత్రం గట్టిపడి పగుళ్లిచ్చి ఉంటుంది. టైరు పక్కభాగంలో 'డాట్' అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. టైరు వయసు తెలుసుకోవడానికి అంతకంటే సులువైన దారి లేదు.

ఆ తర్వాత బ్రేక్ ఆయిల్. ఇంజిన్ ఆయిల్ గురించి అడిగేవాళ్లే కానీ దీని సంగతి అడిగేవాళ్లు తక్కువ. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ప్రమాణం అడిగేది 155 డిగ్రీలే. డాట్ 3 అయితే 205, 140. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్‌ను నొక్కితే ఆ ఒత్తిడి చక్రం దాకా పోతుంది. బుడగను నొక్కితే అదే అణిగిపోతుంది. ఘాట్‌లో పెడల్ మెత్తబడటానికి ఒక ముఖ్య కారణం ఇదే.

అంత వేడి ఎక్కడిదంటారా? ఇంజిన్ సాయం లేకుండా బ్రేకుల మీదే వంద మీటర్ల ఎత్తు దిగారనుకోండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారును దాదాపు నాలుగుసార్లు పూర్తిగా ఆపినంత వేడి పుడుతుంది. రాయచోటికీ కడపకూ ఎత్తులో తేడా రెండొందల మీటర్ల పైనే.

చాలా కంపెనీలు రెండేళ్లకోసారి ఈ ఆయిల్ మార్చమంటాయి. పైన డబ్బాలో కాస్త పోసేస్తే మార్చినట్టు కాదు. నాలుగు చక్రాల దగ్గరా పాతదంతా వదిలించాలి. అంకె పెద్దది కదా అని డాట్ 5 పోయించేరు! అది సిలికాన్ రకం, మామూలు దాంతో కలవదు. మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయాలి. అదే చేత్తో రబ్బరు హోసులు ఉబ్బాయో, పగిలాయో చూడమంటే సరి.

ప్యాడ్ల విషయంలో కంపెనీవో, పేరున్న తయారీదారువో చాలు. రేసు ప్యాడ్లు బాగా వేడెక్కితే కానీ సరిగా పట్టవు. పొద్దున్నే సందు చివర మేకల మంద అడ్డొస్తే అవి ఉపయోగపడవు. వెనక డ్రమ్ముల్లో షూలు అరిగాయేమో విప్పించి చూడాలి. ఇన్ని చేశాక డబ్బు మిగిలితే అప్పుడు డిస్కుల మాట. ఉన్నవి మరీ పల్చబడితే మామూలు డిస్కులే కొత్తవి వేయించుకోవచ్చు. పొడిరోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్ పనిచేస్తోందన్నా, చక్రం బిగుసుకుంటోందన్నా బ్రేకుకు బలం చాలినట్టే. పెద్ద డిస్కు వేడిని ఎక్కువ తట్టుకుంటుంది కానీ, ఆ ఒక్కసారి ఆగే దూరాన్ని పెద్దగా తగ్గించదు.

ఇక పైసా ఖర్చు లేని పని ఒకటుంది. దిగుడు మొదలయ్యే ముందే రెండో గేరులోనో, మూడో గేరులోనో పడితే సగం బరువు ఇంజినే మోస్తుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే అలవాటు కొందరికి ఇంకా ఉంది. అలా పెద్దగా మిగిలేదేమీ ఉండదు! దాని కోసం బరువంతా బ్రేకుల మీద పడేస్తున్నారు.

కొత్త ప్యాడ్లు వేయించిన రోజే ఘాట్‌కు బయల్దేరొద్దు. ఖాళీ రోడ్డు చూసుకుని 50 నుంచి 10 కిలోమీటర్లకు మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ఓ పదిసార్లు అలవాటు చేయాలి. గువ్వలచెరువు కోవా మరో రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు.