ముసలమ్మని అడిగిన ప్రశ్న

"నలభై మందికి పాఠం చెప్పమంటావా, ఈ ఒక్కడినే పట్టుకుని కూర్చోమంటావా?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బడిపంతుళ్ళం ఈ మాట ఎన్నిసార్లు అన్నామో లెక్కలేదు. ప్రశ్నలో తప్పు లేదు. ఎవరిని అడిగామన్నదే మా సిగ్గు. డీఈఓని అడగలేదు, ఎమ్మెల్యేని అడగలేదు. కొడుకూ కోడలూ చెన్నైకి బిల్డింగు పనులకి పోతే మనవణ్ణి సాకుతున్న ముసలమ్మని అడిగాం.

ఆ గుంటడు మూడో తరగతి. మధ్యాహ్న భోజనం వేళ స్టీలు కంచాలు గణగణలాడితే చెవులు మూసుకునేవాడు. ఇంకా మోగితే పక్కవాణ్ణి కరిచేవాడు. ఓ రోజు సాంబారు బకెట్టు తన్నేశాడు. కబురంపితే ముసలమ్మ వచ్చి నేలంతా తుడిచి, "ఆడికి సప్పుడు పడదు బాబూ, సెడ్డోడు కాడు" అంది. రోగం పేరు తెలియకపోయినా అసలు సంగతంతా ఆమె చెప్పేసింది. కంచాలు తీయకముందే వాడికి వరండా చివర వడ్డించేస్తే సరిపోయేదేమో. పైసా ఖర్చు లేదు, జీవో అక్కర్లేదు. మేం "కొన్నాళ్ళు ఇంట్లో ఉంచమ్మా" అన్నాం. కరిపించుకున్న పిల్లాడి తండ్రి కోపం న్యాయమే; ఆ కోపాన్ని మేం అడ్డం పెట్టుకున్నాం.

పేరు మాత్రం రిజిస్టరులో ఉంచాం. పిల్లల సంఖ్య తగ్గితే రేషనలైజేషన్‌లో పోస్టు ఎగిరిపోతుంది మరి. పేరు కావాలి, పిల్లాడు అక్కర్లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఎవరినీ బడి నుంచి తీసేయకూడదంటుంది. మేం తీసేయలేదుగా! కాగితం మీద చట్టాన్ని కాపాడటం మాకెవరూ నేర్పక్కర్లేదు.

మండల కేంద్రంలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉంది, తీసుకెళ్ళమని చెప్పి చేతులు దులుపుకున్నాం. కూలి మానుకుని, ఆటో దొరకని ఊరి నుంచి ఆమె ఎలా వెళ్తుందో అడగలేదు. ఈ పిల్లల కోసమే తిరిగే ఐఈఆర్టీ టీచరు బడికొచ్చిన రోజున సంతకం పెట్టించి, టీ ఇచ్చి సాగనంపాం. వైకల్యం ఉన్నట్టు సర్కారిచ్చే సదరం సర్టిఫికెట్ లేదన్నది మరో సాకు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలు చెప్పింది. ఆటిజం ఉంది, మేధోవైకల్యం ఉంది. కుదురుగా కూర్చోలేని పిల్లల్లో డాక్టర్లు గుర్తించే ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో లేదు. వాళ్ళకి మేమిచ్చిన సర్టిఫికెట్ "అల్లరి వెధవ".

2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ఇలాంటి పిల్లలు ఎంతమందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలో తేల్చి ప్రకటించమని కేంద్రాన్ని ఆదేశించింది. మూడు నెలలు దాటాక, 2022 ఫిబ్రవరి 3న, జీతాల సవరణ (పీఆర్సీ) కోసం పోలీసుల కళ్ళుగప్పి ఛలో విజయవాడకి వెళ్ళాం. తప్పేం కాదు, జీతం మా హక్కు. కానీ దారి పొడవునా ఇచ్చిన నినాదాల్లో ఆ తీర్పు ఊసు లేదు. 2025లో రాష్ట్రం 2,260 ప్రత్యేక టీచరు పోస్టులు మంజూరు చేసిందంటే అది కోర్టు వెంటపడబట్టి. మా చలవ ఏమీ లేదు.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటోకి దండ వేస్తాం. మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టినాయన. సవర పిల్లలకి తెలుగు రాదని వాళ్ళని వదిలేయలేదు. తనే సవర నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడి పెట్టారు. ఆ కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని, క్వినైన్ వాడి, వినికిడి పోగొట్టుకున్నారు. ఈ రోజుల్లో అయితే ఆయనా సదరం క్యాంపులో వరస కట్టాల్సిన మనిషే. ఆయన గురించి గంటసేపు ఉపన్యసించి దిగుతాం. అరుపే భాషైన పిల్లాడి దగ్గర ఆయన ఏం నేర్చుకునేవారో ఒక్కరికీ తోచలేదు.

మాస్టార్లూ, టీచరమ్మలూ! వచ్చే కాంప్లెక్స్ మీటింగుకి మీ రిజిస్టరులో హాజరు పడుతూ ఇంట్లో ఉంటున్న పిల్లల పేర్లు రాసి తీసుకురండి. మన తప్పు బయటపడుతుంది, పడనివ్వండి. ఆ జాబితా కింద అందరం సంతకాలు పెట్టి, మన మండలానికి రావాల్సిన ప్రత్యేక టీచరు ఏ తేదీకి వస్తారో రాతపూర్వకంగా చెప్పమని ఎంఈఓ చేతికిద్దాం.