బోర్డు ఉంది సరే, కథేదీ?

మొన్న లాంగ్ వీకెండ్‌కి మా అమెరికన్ కొలీగ్ వాళ్ళ నాన్నగారింటికి వెళ్ళాం. డాలస్‌కి రెండు గంటల దూరంలో ఓ పల్లెటూరు. పెద్దాయన షెడ్డు తలుపు తీసేసరికి నాకు నోట మాట రాలేదు. నలభై ఏళ్ళుగా పోగేసిన పాత పెట్రోలు బంకు సామాను! టెక్సకో నక్షత్రాలు, సింక్లెయిర్ పచ్చ డైనోసార్లు, మొబిల్ ఎర్ర రెక్కల గుర్రాలు... గోడంతా అవే.

నిజం చెప్పొద్దూ, తుప్పు రేకుల కోసం ఇంత డబ్బు తగలేస్తారా అనుకున్నా.

అప్పుడాయన ఓ పాత పంపు చూపించారు. మనిషికన్నా ఎత్తు, పైన పెద్ద గాజు గొట్టం. 1920ల్లో ఇలాంటివే వాడేవారు. చేత్తో లివర్ కొడితే పెట్రోలు గాజులోకి ఎక్కుతుంది. లోపల గాలన్ల గుర్తులుంటాయి. ఎంత పోస్తున్నాడో కొనేవాడు కళ్ళారా చూసుకున్నాక కారులోకి వదులుతారు. ఎందుకింత తతంగం అంటే, బంకువాడి మీద నమ్మకం లేక! మన బంకుల్లో "జీరో చూసుకోండి సార్" అంటారే, దానికి తాతన్నమాట. ఆ ఒక్క ముక్కతో తుప్పు ఇనుము కాస్తా నాకు చరిత్ర అయిపోయింది.

అసలివి మిగలడమే గొప్ప. రెండో ప్రపంచ యుద్ధంలో తుక్కు ఇనుము కింద ఎన్నో బోర్డులు కరిగిపోయాయి. 1965లో చట్టం తెచ్చి పెద్ద హైవేల పక్కన ప్రకటన బోర్డులకి కళ్ళెం వేశారు. ఇంటర్‌స్టేట్లు వచ్చాక పాత రోడ్ల మీద బంకులు మూతపడ్డాయి. రూట్ 66నే 1985లో జాబితాలోంచి తీసేశారు. ఇలాంటి పిచ్చివాళ్ళే లేకపోతే మనకి చూడ్డానికి ఏం మిగిలేది చెప్పండి?

కానీ నా బాధ వేరు. "ఇది ఏ ఊరిది?" అని ఏ బోర్డు చూపించి అడిగినా టకటకా చెప్పేశారు. ఎక్కడన్నా రాసిపెట్టారా అంటే నవ్వి తల చూపించారు. బ్యాకప్ లేని సర్వర్! పిల్లలకేమో ఆసక్తి లేదు, తర్వాత వేలానికే. ఈ సరుకులో నకిలీలు కూడా బోలెడు. పుట్టుపూర్వోత్తరాలు తెలియకపోతే అసలుదీ కొత్తగా చేసి తుప్పు పట్టించిందీ ఒకే వరసలో నిలబడతాయి.

డాలస్‌లో మాగ్నోలియా బిల్డింగ్ మీద 1934లో పెట్టిన ఎర్ర గుర్రాన్నే తీసుకోండి. 1999లో దింపి, దాని స్థానంలో కొత్తది పెట్టారు. పాతది గోడౌన్లో పడింది. అయినా బాగుచేసి 2015లో ఓ హోటల్ ముందు నిలబెట్టారంటే, అదేమిటో ఊరందరికీ తెలుసు కాబట్టి. కథ తెలియకపోతే అది ఒట్టి రేకేగా?

మనమేం తక్కువ తినలేదు. 1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్, కాల్టెక్స్ ప్రభుత్వపరమయ్యాయి. మన విశాఖ రిఫైనరీ కూడా 1957లో కాల్టెక్స్ పెట్టిందే. ఆ పాత పేర్ల బోర్డులు మీ ఊళ్ళో ఎన్ని మిగిలాయి?

పోగుచెయ్యడం సగం పనే. ఎక్కడిది, ఎప్పటిది, ఎవరిచ్చారు అని రాసిపెట్టడం మిగతా సగం. కామెంట్లు లేని కోడ్ రాసినవాడు వెళ్ళిపోయాక ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? ఆ సాయంత్రం లాప్‌టాప్ తీసి ఆయన పక్కన కూర్చున్నా. ఫోటోలతో సహా ముప్ఫై బోర్డుల వివరాలు ఎక్కాయి. ఇంకా చాలా ఉన్నాయి. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నా.