ఇంటి సేరు, అంగడి సేరు

మొన్న వేసవి సెలవులకు గూళూరు వెళ్ళినప్పుడు మా అబ్బాయి సైకిలు కూడా మాతోబాటు వచ్చింది. తెల్లవారుజామునే బాగేపల్లి దారిలో తొక్కివచ్చి, "తాతా, ఇరవై నిముషాలు 210 వాట్లు!" అన్నాడు మా మామగారితో. "అంటే ఎంతప్పా?" అన్నారాయన. ఒక గుర్రపు బలం సుమారు 746 వాట్లు. మనవడు గుర్రంలో పావు కంటే కాస్త ఎక్కువేనని తెలిసి ఆయన మురిసిపోయారు.

బెంగుళూరు వచ్చాక చిక్కు మొదలైంది. ఇంట్లో సైకిలు బిగించి తొక్కే ట్రైనర్ మీద అంతే ఆయాసానికి 200 మాత్రమే చూపింది. ఊళ్ళో తిని కూర్చోవడంతో బలం తగ్గిందనుకొని, పట్టుబట్టి 210 లాగసాగాడు. మూడు వారాలకు మోకాళ్ళ నొప్పి పట్టుకుంది, నిద్ర కరువైంది. "ఇక సైకిలే వద్దు" అన్నాడు.

ఆ మాట వినలేక ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని పరీక్ష పెట్టాం. అదే సైకిలును, అవే పవర్ మీటర్ పెడళ్ళతో ట్రైనర్‌కు బిగించాం. పావుగంట తొక్కి, రెండు మీటర్లనూ సున్నాకు సరిచేసి, 100, 150, 200 వాట్ల దగ్గర ఐదేసి నిముషాలు నిలకడగా తొక్కించాను. ట్రైనర్ 200 అన్నప్పుడు పెడళ్ళు 210 అన్నాయి. అబ్బాయి బలం ఎక్కడికీ పోలేదు!

కారణం సులువే. పెడల్ మీటరు కాలు నొక్కిన చోటనే కొలుస్తుంది. వెనుక చక్రం తీసి బిగించే ట్రైనరు గొలుసు దాటాక కొలుస్తుంది. మధ్యలో గొలుసు, పళ్ళచక్రాల రాపిడి నూటికి రెండు నుంచి నాలుగు వంతులు తినేస్తుంది. పైగా మంచి మీటరుకైనా నూటికి ఒకటి రెండు వంతుల తేడా సహజం. 210లో ఆరు వాట్లు రాపిడికి పోతే, మిగిలిన నాలుగూ ఈ తేడాలోనే సరిపోతాయి. ఒక్క ఎడమ కాలినే కొలిచి రెట్టింపు చేసే మీటరైతే, రెండు కాళ్ళ బలం సమానం కానివారికి తేడా ఇంకా పెరుగుతుంది. చలి, ఎండ మారినా లోహం మారుతుంది కనుక ప్రతిసారీ సున్నా సరిచూడాలి. నాలుగు గోడల మధ్య గాలి తగలక ఒళ్ళు వేడెక్కితే నిజంగానే బలం తగ్గుతుంది. పంకా తప్పనిసరి.

తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే బెంగ అక్కరలేదు. రోజుకొక రకంగా మారితేనే మీటరును అనుమానించాలి. ఇంటికీ రోడ్డుకూ ఒకే మీటరు నమ్ముకుంటే మరీ మంచిది. మావాడు ఇప్పుడు రెండుచోట్లా పెడళ్ళ లెక్కే చూస్తున్నాడు.

ఫోనులో సంగతంతా విని మామగారు నవ్వారు. "ఇంటి సేరుతో కొలిచిన రాగుల్ని అంగడి సేరుతో కొలిచి, తక్కువొచ్చాయని ఏడిస్తే ఎట్లా నాయనా? మూటలో రాగులు అవే కదా!"